ఆర్లో అన్నయ్య గింజల సంచి

మా ఆల్డర్ వాగు ఊళ్ళో ఆర్లో టిబెట్స్ పేరు ఎత్తితే ముందు నవ్వుతారు, తరువాతే మాట్లాడతారు. ఆ నవ్వుకు కారణం యాభై పౌన్ల గోధుమపిండి బస్తా ఒకటి, పదకొండేళ్ల కిందట కొండదారిలో పగిలింది. ఆ పిండి మాటున మనిషి కనబడకుండా పోయాడని నాకు బెంగ. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. తప్పులుంటే మా రెండు గదుల బడిది కాదు, నాదే.

ఆర్లో అన్నయ్య నాకు తోడబుట్టినవాడు కాదు, ఊరి వరసకే అన్నయ్య. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపాడు. బస్సులో దొరికిన ఒంటి చేతితొడుగులన్నీ ఒక పెట్టెలో దాచి, మంచులో వట్టి చేతులతో వచ్చిన పిల్లకు రెండు వెతికి తొడిగేవాడు. ఒక చెయ్యి ఎర్రగా, ఒక చెయ్యి పచ్చగా కనిపించిందంటే ఆ పిల్ల ఆర్లో బస్సు ఎక్కినట్టే. ఆదివారం చర్చి గంట కొట్టేదీ ఆయనే. శరత్కాలంలో వేటకు వెళ్ళినవాళ్ళు ఎల్క్ దుప్పిని కొట్టి, దాన్ని కిందికి దింపలేక తంటాలు పడుతుంటే, వెళ్ళి ఆ మాంసం తన వీపున మోసుకొచ్చేవాడు. అలా మోసి మోసి యాభయ్యో ఏట మోకాళ్లు పోయాయి. ఇక బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. తోపుడుబండి కొందామని పట్నంలో వేలానికి వెళ్ళి, లామాను, అదే ఒంటె మెడా గొర్రె బొచ్చూ ఉండే మోత జంతువును, తోలుకుని ఇంటికొచ్చాడు.

"అదేమిటన్నయ్యా, బండికని వెళ్ళావు?" అన్నాను.

"దీనికి చక్రం ఊడదు కదమ్మా," అన్నాడు.

ఆ ఒకటి ఐదయ్యాయి. ఐదింటికీ బైబిలు ప్రవక్తల పేర్లే పెట్టాడు, అదీ చిన్న ప్రవక్తలవి. పెద్ద ప్రవక్తల పేర్లు పెడితే పొగరెక్కుతుందట. ముందు నడిచేది హబక్కూకు. వాడి వెనక నహూము, హగ్గయి, ఓబద్యా, చివర జెఫన్యా. ఒక్కొక్కటి అరవై పౌన్లు మోస్తుంది. అరవై ఒకటి పెడితే పెళ్లిలో మర్యాద తగ్గిన మేనత్తలా కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. ఆ ఒక్క పౌను తీసేదాకా లేవదు. కొండల్లోకి నడకకూ వేటకూ వచ్చే పట్నంవాళ్ళ సామాను ఇవి మోస్తాయి. వాళ్ళకు వంట నేను చేస్తాను. చర్చి వంటింట్లో ఇరవై ఏళ్లు గరిటె తిప్పినదాన్ని, కొండ మీద తిప్పలేనా!

గింజల సంగతి ఇక్కడే చెప్పాలి. లామాది మహా నియమమైన ఒళ్లు. ఎక్కడ పడితే అక్కడ పెంటికలు వెయ్యదు. ముందు ఇంకో లామా వేసిన చోటు వాసన చూసుకుని, అక్కడే, వరసలో నిలబడి వేస్తుంది. కొత్తచోట అలాంటి గుర్తు లేకపోతే బిగబట్టుకుని ఉంటుంది. మర్నాడు ఏ వాగు నడిమధ్యనో, ఏ ఇరుకు దారిలోనో ఐదూ ఒక్కసారే ఆగిపోతాయి. ఇక రాజుగారు వచ్చినా కదలవు. అందుకని ఆర్లో అన్నయ్య ఇంటి దగ్గర ఎండిన పెంటికలు గుప్పెడు గుడ్డసంచిలో పోసి తీసుకొస్తాడు. గుడారం వేసే చోట, తనకు నచ్చిన చెట్టు కింద చల్లుతాడు. అంతే, ఐదుగురు ప్రవక్తలూ వచ్చి కార్యక్రమం కానిస్తారు. నేను వంటమనిషిని. నా ఎదుట పెంటికలు అనడం ఆయనకు మర్యాదగా తోచలేదు. "గింజలు" అనేవాడు. నేనూ గింజలనే అనేదాన్ని. చూడడానికి కూడా అవి కాల్చిన కాఫీగింజల్లాగే నల్లగా, నున్నగా ఉంటాయి.

ఇక పిండి బస్తా. ఆర్లో అన్నయ్య అక్క లొరీన్. ఆమె భర్త డెల్మర్ హాచ్. ఆ రోజుల్లో డెల్మర్ బావగారికి నాలుగు కంచరగాడిదలూ రెండు గుర్రాలూ ఉండేవి. ఈ లోయలో గుర్రం ఎక్కని మగవాడు మగవాడే కాదని ఆయన అభిప్రాయం. ఒక సెప్టెంబరులో ఇరుకు దారి మలుపులో ఆయన కంచరగాడిదలు ఎక్కుతున్నాయి, ఆర్లో అన్నయ్య లామాలు దిగుతున్నాయి. కంచరగాడిదలు అంతకుముందు లామాను చూడలేదు. చూసిన తరువాత వాటికి ఈ లోకం మీద నమ్మకం పోయింది. నాలుగూ నాలుగు దిక్కులా పారిపోయాయి. గుడారం వాగులో పడింది. పిండి బస్తా చెట్టుకు తగిలి పగిలి బావగారి మీద కురిసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, దేవుడి దయ. కానీ ఆయన ఊళ్ళోకి నడిచి వచ్చేటప్పటికి కనుబొమ్మలు కూడా తెల్లగా ఉన్నాయి. ఊరంతా వరండాల్లోకి వచ్చి చూసింది.

ఆ ఆదివారం చర్చి మెట్ల మీద, అందరూ వినేటట్టు బావగారు అన్నాడు: "ఆ ఒంటెగొర్రె వెనక నేను ఒక్క అడుగు వేస్తే నా పేరు డెల్మరే కాదు!"

ఆ రోజు నుంచి బావాబావమరుదులకు మాటల్లేవు. చర్చిలో ఎప్పుడూ ఒకే బల్ల మీద కూర్చునేవాళ్ళు, చెరో పక్కకు పోయారు. లొరీనమ్మ ఒక ఆదివారం భర్త పక్కన, ఒక ఆదివారం తమ్ముడి పక్కన కూర్చునేది. ఏ వారం ఎటో తప్పిపోకుండా ఉండేందుకు కీర్తనల పుస్తకంలో రిబ్బను పెట్టుకునేది. మాటల్లేవు గానీ, మంచు కురిసిన పొద్దున డెల్మర్ బావగారి వాకిట్లో దారి ఎవరో ఊడ్చి ఉండేది. "గాలి ఊడ్చింది," అనేవాడాయన. నవంబరులో ఆర్లో అన్నయ్య గేటు స్తంభం మీద ఎల్క్ మాంసం పొట్లం ఉండేది, పేరు లేకుండా. "ఎవరో మరిచిపోయారు," అనేవాడీయన. మా ఊళ్ళో గాలి పారతో ఊడుస్తుంది, మతిమరుపువాళ్ళు మాంసం చక్కగా కాగితంలో చుట్టి మరిచిపోతారు.

రెండేళ్ల కిందట వసంతంలో లొరీనమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. సమాధి దగ్గర చెరో వైపు నిలబడ్డారు. అప్పుడూ మాటల్లేవు. ఆ తరువాత బావగారికి తుంటి ఆపరేషన్ అయింది. గుర్రం ఎక్కకూడదన్నారు. గుర్రాలు, కంచరగాడిదలు అన్నీ వెళ్ళిపోయాయి.

సరిగ్గా అప్పుడే ఆయనకు చీటీ తగిలింది. లాంతరు మైదానంలో ఒక్క మగ ఎల్క్‌ను కొట్టుకోవడానికి సర్కారు లాటరీ తీసి ఇచ్చే అనుమతి చీటీ. పద్నాలుగేళ్లుగా ప్రతి వసంతంలోనూ దరఖాస్తు పెడుతున్నాడు. ఇప్పుడొచ్చింది, అదీ పది రోజులే చెల్లుతుంది. ఆయనకు డెబ్బై నాలుగు. ఇంకోసారి రావాలంటే ఎనభై ఎనిమిది కావాలి. లాంతరు మైదానం రెండు రోజుల ఎక్కుడు. పెళ్లయిన ఏడాది ఆయనా లొరీనమ్మా అక్కడే గుడారం వేసుకున్నారు. అక్కడ ఆమె పొద్దున్నే మర తిప్పి కాచిన కాఫీ గురించి ఆయన ఆ తరువాత యాభై ఏళ్లు చెప్పాడు. అక్కడికి ఇంకొక్కసారి వెళ్ళాలి, తన ఎల్క్ తాను తెచ్చుకోవాలి. అంతకు మించి ఆయనకు కోరిక లేదు. తుంటి బాగోలేదు, గుర్రం లేదు, మిగిలింది ఒకటే దారి. ఆ దారికి పొడుగాటి మెడ ఉంది.

ఒక సాయంత్రం నేను ఆర్లో అన్నయ్యకు రొట్టె ఇవ్వడానికి వెళ్ళి ఉన్నాను. డెల్మర్ బావగారు చేతికర్ర పట్టుకుని గేటు దగ్గరికి వచ్చాడు. ఆర్లో అన్నయ్య పదడుగుల దూరంలో లామాల తొట్టి కడుగుతున్నాడు. బావగారు ఆయన వైపు చూడలేదు. కంచె మీదుగా మెడ సాచిన హబక్కూకు వైపు తిరిగాడు.

"ఏమయ్యా ఒంటెగొర్రె," అన్నాడు. "మీ యజమానితో ఒక మాట చెప్పు. నాకు లాంతరు మైదానం చీటీ వచ్చింది."

హబక్కూకు నమిలాడు.

ఆర్లో అన్నయ్య తొట్టిలోంచి తల ఎత్తకుండా అన్నాడు: "హబక్కూకూ, సంతోషమని చెప్పు. చీటీ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసని కూడా చెప్పు."

"నాకు గుర్రాల్లేవని చెప్పు."

"అదీ తెలుసని చెప్పు."

"అన్నీ తెలిసినవాడు అడిగేదాకా ఎందుకు కూర్చున్నాడో అడుగు!"

"అడగనివాడి సామాను మోయడం మాకు అలవాటు లేదని చెప్పరా అబ్బీ."

బావగారి మెడ ఎర్రబడింది. కర్ర నేలకేసి కొట్టాడు. హబక్కూకు రెండు చెవులూ వెనక్కి పెట్టాడు. చెవులు వెనక్కి పోతే ఉమ్ముతుందని మాకు తెలుసు, ఆయనకు తెలియదు. నేను గబగబా వెళ్ళి ఆయన చెయ్యి పట్టి పక్కకు జరిపాను. ఉమ్మి గేటుకు తగిలింది.

"అదేమంటోంది?" అన్నాడు బావగారు.

"వస్తానంటోంది," అన్నాడు ఆర్లో అన్నయ్య. "సోమవారం, తెల్లవారుజామున."

సామాను కట్టేటప్పుడు ఆర్లో అన్నయ్య ఎవరినీ దగ్గరికి రానివ్వడు. ఒక్కో లామాకు రెండు పక్కలా రెండు సంచులు. రెండింటినీ కాటాకు తగిలించి తూస్తాడు. ఒకటి బరువెక్కితే జీను జారి లామా నడుం ఒరుసుకుపోతుంది. ఆ ఆదివారం తూస్తుంటే హబక్కూకు కుడిసంచి ఎడమదాని కంటే నాలుగు పౌన్లు ఎక్కువ వచ్చింది. అన్నయ్య సంచిలో చెయ్యి పెట్టాడు. దుప్పటి మడతలో ఇనుప కాఫీ మర, లొరీనమ్మది. బావగారు మాకు చెప్పకుండా దూర్చాడు. అన్నయ్య దాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని, మళ్ళీ అదే మడతలో ఉంచాడు. పెరట్లోకి వెళ్ళి గుండ్రటి రాయి ఒకటి తెచ్చాడు. తూచాడు, పెద్దదైంది. ఇంకోటి తెచ్చాడు. మూడోది సరిగ్గా నాలుగు పౌన్లు. దాన్ని ఎడమసంచిలో వేశాడు. నా వైపు చూసి "చెల్లెమ్మా, నువ్వేమీ చూడలేదు," అన్నాడు.

నేనేమీ చూడలేదు. నేను చూడవలసింది ఇంకొకటి ఉంది, అదీ చూడలేదు. ఆర్లో అన్నయ్య గింజల సంచీ చిరిగిపోయి ఉంటే, మిగిలిన నీలిపూల గుడ్డతో కొత్తది నేనే కుట్టిచ్చాను. గుడ్డ మిగిలిందని డెల్మర్ బావగారి కాఫీగింజలకూ అలాంటిదే ఇంకోటి కుట్టాను. వచ్చిన చిక్కంతా ఆ నీలిపూలల్లో ఉంది.

వేటగాళ్ళు పొరబడి కాల్చకుండా లామాలకు నారింజరంగు చొక్కాలు తొడిగి బయలుదేరాము. డెల్మర్ బావగారు మాట నిలుపుకున్నాడు. ఒంటెగొర్రె వెనక నడవనన్నాడు కాబట్టి ముందు నడిచాడు. ఆయన తుంటి ఎంత సాగితే అంత దూరం, అంత నెమ్మదిగా. ఆయన వెనక పగ్గం పట్టుకుని ఆర్లో అన్నయ్య, వెనక ఐదు లామాలు, అన్నిటికీ వెనక నేను. అయిదారు వందల అడుగులకోసారి అన్నయ్య ఆగి, "ఉండు బావా, బూటు తాడు ఊడింది," అనేవాడు. బావగారు విసుక్కుంటూ బండ మీద కూర్చునేవాడు. ఆయన ఊపిరి కుదుటపడేదాకా అన్నయ్య వంగి తాడు కట్టుకునేవాడు. అన్నయ్య బూట్లకు తాళ్లే లేవు. బకిల్ బూట్లు.

మాటలు మొదలయ్యాయని గమనించారా? మొదటిరోజు మధ్యాహ్నానికే హబక్కూకు మధ్యవర్తిత్వం అక్కర్లేకపోయింది. తిట్టుకోవడానికి నేరుగానే హాయి.

"ఎందుకురా అది ఊరికే మ్మ్ మ్మ్ అని మూలుగుతుంది?"

"పాడుతోంది బావా."

"నన్ను వెక్కిరిస్తోంది."

"నిన్ను వెక్కిరించాలంటే ఇంకా గట్టిగా పాడుతుంది."

"నా గుర్రాలుంటే ఈపాటికి మైదానంలో ఉండేవాళ్ళం."

"నీ కంచరగాడిదలుంటే ఈపాటికి కెనడాలో ఉండేవి."

మొదటిరాత్రి మేమెప్పుడూ ఆగే చోటే ఆగాము, అక్కడ లామాల పాత గుర్తు ఉంది కాబట్టి గింజల పని పడలేదు. రెండోరోజు మునిమాపుకు లాంతరు మైదానం చేరాము. గడ్డి బంగారంలా ఉంది, చుట్టూ దేవదార్లు. బావగారు టోపీ తీసి నిలబడ్డాడు. ఆయన్ని పలకరించకుండా మేము పనుల్లో పడ్డాము. నేను పొయ్యి రాళ్లు పేరుస్తున్నాను, ఆర్లో అన్నయ్య జీన్లు విప్పుతున్నాడు. ఎంతసేపటికీ ఆయన కదలకపోయేసరికి, చేతికి ఏదైనా పని ఇస్తే బాగుంటుందని అన్నయ్యకు తోచింది కాబోలు, కేకేశాడు:

"బావా! ఆ గింజల సంచి తీసుకెళ్ళి ఆ పెద్ద దేవదారు కింద చల్లిరా!"

పదకొండేళ్లలో ఆర్లో ఆయన్ని ఏదైనా చెయ్యమని అడగడం అదే మొదలు. బావగారు మూటలో చెయ్యి పెట్టి నీలిపూల సంచి తీశాడు. కుంటుకుంటూ చెట్టు దగ్గరికి వెళ్ళి, విత్తనాలు చల్లే రైతులా, చుట్టూ తిరిగి, సంచి దులిపి మరీ చల్లి వచ్చాడు. ఆయన మొహంలో ఏమిటో ఒక మెతకదనం ఉంది.

ప్రవక్తలు వెళ్ళారు. వరసలో నిలబడ్డారు. హబక్కూకు నేల వాసన చూసి తుమ్మాడు. నహూము తుమ్మాడు. ఐదూ తలలెత్తి ఆర్లో అన్నయ్య వైపు అన్యాయం జరిగినట్టు చూశాయి. "కొత్తచోటు కదా, కాసేపట్లో వెళ్తారు," అన్నాడు అన్నయ్య.

చీకటి పడుతోంది. బావగారు కాఫీ మర దుప్పటి మడతలోంచి తీసి, తుడిచి, నాకు ఇచ్చాడు. "చెల్లెమ్మా, లొరీన్‌ది. నువ్వు తిప్పు. గుప్పెడు చాలు," అన్నాడు. నేను మూటలోంచి నీలిపూల సంచి తీసి గుప్పెడు పోశాను. పిడి ఒక్కసారి తిప్పాను. కాఫీ వాసన రాలేదు. ఎండుగడ్డి వాసన వచ్చింది.

చెట్టు దగ్గర హబక్కూకు తల గిరుక్కున తిరిగింది.

"చెల్లెమ్మా! ఆగు!" అని అరిచాడు ఆర్లో అన్నయ్య. అప్పటికే ఆలస్యమైపోయింది. హబక్కూకు ముందు, తక్కిన నలుగురూ వెనక, చర్చికి వచ్చే పెద్దమనుషుల్లా నిదానంగా నడిచి వచ్చారు. మర వాసన చూశారు. తృప్తి పడ్డారు. నా పొయ్యి పక్కనే, పిండి గిన్నెకు మూరెడు దూరంలో, వరసగా నిలబడి, పొద్దుటి నుంచీ బిగబట్టుకున్నదంతా దేవుడిచ్చిన స్వేచ్ఛతో కానిచ్చారు.

బావగారు చెట్టు వైపు చూశాడు, మర వైపు చూశాడు.

"ఆర్లో. నేను చల్లినవేమిటి?"

"నీ కాఫీ, బావా."

"లొరీన్ మరలో ఉన్నవి?"

"అవి... మావాళ్ళవి."

"మరి నన్ను గింజలు చల్లమన్నావేం!"

"గింజలంటే గింజలు కాదు బావా, గింజలంటే... చెల్లెమ్మ ముందు అనకూడదని గింజలంటాం! కాఫీ ఎవడైనా చెట్టు కింద చల్లుతాడా? చల్లేటప్పుడు నీకు అనుమానం రాలేదా?"

బావగారు పుల్లతో నిప్పు ఎగదోశాడు. "వచ్చింది," అన్నాడు. "పిచ్చిపనే అనుకున్నాను. కానీ ఇన్నేళ్లకు నువ్వు నోరు తెరిచి ఒకటి అడిగావు. కాదనబుద్ధి కాలేదు."

ఆర్లో అన్నయ్య బూటు తాడు కట్టుకోవడానికి వంగాడు.

నేను వాగు దగ్గర ఆ మరను ఏడుసార్లు కడిగాను. ప్రతిసారీ లొరీనమ్మకు క్షమాపణ చెప్పాను. ఏడోసారి ఆమె నవ్వుతున్నట్టే అనిపించింది. వంటిల్లు నలభై అడుగులు అవతలికి మార్చాము.

పొద్దున్నే లేచి చూస్తే ఆ ఇద్దరూ పెద్ద దేవదారు కింద మోకాళ్ల మీద ఉన్నారు. ప్రార్థన చేసుకుంటున్నారనుకుని నేనూ తల వంచాను. కాదు, కాఫీ ఏరుతున్నారు. ఆ చెట్టు కింద పాత జింక పెంటికలు, కుందేలువి, దేవదారు గింజలు, అన్నీ కలిసి ఉన్నాయి. బావగారు ఒక్కొక్కటే కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని చూస్తున్నాడు.

"మధ్యలో గీత ఉంటే కాఫీ," అంటున్నాడు. "గీత లేకపోతే కాదు. చూసి వెయ్యరా, నీ చూపు నాకు నమ్మకం లేదు."

"నా చూపుకేం?"

"లామాను చూసి తోపుడుబండి అనుకున్న చూపు కాదూ!"

"నువ్వు పిండిలో మునిగి వచ్చిన రోజున నిన్ను నేనొక్కణ్ణే గుర్తుపట్టాను, మరిచిపోకు."

బావగారు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు విని నాకు కళ్లు చెమర్చాయి. అంతలో ఆయన చెయ్యి ఆగిపోయింది. వేళ్ల మధ్య ఒకటి పట్టుకుని ఉన్నాడు. పెద్దది, మెరుస్తోంది.

"ఆర్లో," అన్నాడు గొంతు తగ్గించి. "దీనికి గీత లేదు. మీ ప్రవక్తలది కూడా కాదు. ఎల్క్‌ది. ఇంకా వెచ్చగా ఉంది."

"బావా," అన్నాడు అన్నయ్య ఇంకా నెమ్మదిగా. "హబక్కూకు చెవులు చూడు."

హబక్కూకు చెవులు రెండూ ముందుకు, సూదుల్లా నిలబడ్డాయి. అవి ఎటు చూపిస్తున్నాయో అటు చూశాము. మైదానం అంచున, పొగమంచులో, మగ ఎల్క్. కొమ్ములు ఒక్కో పక్క ఆరు కొమ్మలు. అది మమ్మల్ని చూడడం లేదు. నారింజరంగు చొక్కా వేసుకున్న ఈ పొడుగు మెడ జీవి ఎవరా అని హబక్కూకునే చూస్తోంది.

లామా కొత్త జంతువును చూస్తే గుర్రం సకిలించినట్టు అరుస్తుంది. అరిస్తే ఎల్క్ పోతుంది, పద్నాలుగేళ్లూ పోతాయి. హబక్కూకు ఛాతీ ఉబ్బింది. ఆర్లో అన్నయ్య మోకాళ్ల మీదే పాకుతూ వెళ్ళి, వాడి మెడ కింద తల పెట్టి, ఆదివారం చివర మేము పాడే కీర్తన రాగం ముక్కుతో తీశాడు, మ్మ్ మ్మ్ అని. హబక్కూకు ఆలోచించాడు. తరువాత తానూ మ్మ్ అన్నాడు. గుడారానికి దగ్గరగా ఉన్నది నేనే. తుపాకీ, తూటాలు తీసుకుని గడ్డిలో పాకి బావగారి చేతికిచ్చాను. అరవై ఏళ్ల వయసులో పాకడం నాకూ కొత్తే.

ఆయన లేవబోయాడు. తుంటి లేవనివ్వలేదు. లేవనక్కర్లేదని అప్పుడే ఆయనకూ తట్టింది. తుపాకీ పట్టుకోవడానికి అంతకంటే మంచి ఆసనం లేదు. కాఫీ కోసం వంగిన మోకాళ్ల మీదే ఉండి, ఊపిరి బిగబట్టి, ఒక్కసారి పేల్చాడు. ఎల్క్ రెండు అడుగులు వేసి గడ్డిలోకి ఒరిగింది.

ముగ్గురం దాని దగ్గర టోపీలు తీసి దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాము. ప్రార్థన డెల్మర్ బావగారే చేశాడు. చివర, "ఈ ఒంటెగొర్రెను కూడా దీవించు," అని కలిపాడు. ఆ తరువాత లొరీనమ్మ మరలో, ఏరిన గింజలు వేసి కాఫీ కాచాను. ఆయన మొదటి గుక్క తాగి గిన్నె రెండు చేతులా పట్టుకున్నాడు. రెండో గుక్క తరువాత, "ఒకటో రెండో గీత లేనివి పడ్డాయి," అన్నాడు. మూడు గిన్నెలు తాగాడు.

మాంసం ఎముకలు తీసి తూస్తే నాలుగు లామాల నిండు బరువు వచ్చింది. గుడారం, దుప్పట్లు జెఫన్యాకు. తక్కినవన్నీ మేమే మోయాలి. హబక్కూకు సంచులు ఖాళీ చేస్తుంటే ఎడమదాంట్లోంచి రాయి బయటపడింది.

"ఏరా," అన్నాడు బావగారు, "కొండ మీద రాళ్లకు కరువొచ్చిందని ఇంటి నుంచి మోయించుకొచ్చావా?"

"రెండు పక్కలా బరువు సరిపోవాలి కదా బావా."

"అవతలి పక్క ఏముందని సరి..."

ఒక చేతిలోకి రాయి, రెండో చేతిలోకి మర తీసుకున్నాడు. కాటాలా రెండు చేతులూ పైకీ కిందికీ ఆడించి చూశాడు. సరిగ్గా సరి.

"తెలిసీ చెప్పలేదేం?"

"దాచుకున్నావు కదా," అన్నాడు అన్నయ్య.

బావగారు మర తన వీపు సంచిలో పెట్టుకున్నాడు. రాయి కూడా పెట్టుకున్నాడు. వద్దన్నా వినలేదు. దిగేటప్పుడు కొండదారి జారుడుగా ఉంది. తుంటి బాగోనివాడు ముందు నడవకూడదు, అడుగు నిదానంగా వేసే జంతువు వెనకే నడవాలి. అది ఆయనకూ తెలుసు. మలుపు దగ్గర, పిండి కురిసిన ఆ మలుపు దగ్గరే, నిలబడి హబక్కూకును ముందుకు వెళ్ళనిచ్చాడు. తరువాత దాని వెనక ఒక అడుగు వేశాడు.

ఆర్లో అన్నయ్య పగ్గం పట్టుకుని వెనక్కి తిరగకుండానే అడిగాడు: "ఇప్పుడు నీ పేరేమిటి బావా?"

"నోరు మూసుకుని నడు. ఆలోచించుకోనీ."

ఊరు చేరేదాకా ఆలోచించుకున్నాడు. చెప్పలేదు.

నవంబరులో మొదటి మంచు పడిన పొద్దున రొట్టె పట్టుకుని వెళ్తుంటే, ఆర్లో అన్నయ్య గేటు స్తంభం మీద మాంసం పొట్లం ఉంది. గాలికి పడిపోకుండా దాని మీద గుండ్రటి రాయి పెట్టి ఉంది. ఎప్పుడూ పేరు లేకుండా వచ్చే పొట్లం మీద ఈసారి పెన్సిలుతో పేరు రాసి ఉంది. అన్నయ్య కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటుంటే నేనే చదివి వినిపించాను.

"లొరీన్ మొగుడు" అని ఉంది.